రాజవ్వకు చెప్పని మాట

2019 వానాకాలం. అప్పటికి నేను కరీంనగర్‌లో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో ఫీల్డ్ వర్కర్‌గా తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. హెచ్ఐవి ఉన్న తల్లి నుంచి బిడ్డకు అది సోకకుండా చూడటం, సోకిన పిల్లలకు మందూ బడీ ఆగకుండా చూడటం మా పని. రక్తపరీక్షలు, కాన్పులు, మందులు ఇవ్వడం ప్రభుత్వ ఆస్పత్రిలో జరుగుతాయి. ఆస్పత్రి గేటు దాటి ఇంటికి వెళ్లాక ఆ మందు నిజంగా బిడ్డ నోట్లో పడుతోందా లేదా అన్నది చూసేది మేము. వినడానికి చిన్న పనిలా ఉంటుంది. నాకు నిద్రపట్టని రోజులన్నీ దాని వల్లే.

ఇందులో పేర్లు మార్చాను. ఊరి పేరు చెప్పను. జగిత్యాల రోడ్డులో, ఇంటింటా ఆడవాళ్లు బీడీలు చుట్టే ఊరు అనుకోండి చాలు.

స్వరూపకు అప్పుడు ఇరవై రెండేళ్లు. తల్లి లేదు, అందుకని తొలి కాన్పు కూడా అత్తగారింట్లోనే. భర్త రాజేశం మహారాష్ట్రలోని భివండిలో మరమగ్గాల మీద పని. ఏడో నెలలో ఆస్పత్రికి వచ్చినప్పుడు పరీక్షలో హెచ్ఐవి ఉందని తేలింది. అదే రోజు ఏఆర్‌టీ మాత్రలు మొదలుపెట్టారు. ఏఆర్‌టీ అంటే ఒంట్లో వైరస్‌ను పెరగనివ్వకుండా అణచి ఉంచే మందులు. రోజూ వేసుకుంటే మనిషి అందరిలాగే బతుకుతుంది, బిడ్డకు సోకే ప్రమాదమూ చాలా తగ్గుతుంది. కానీ స్వరూప విషయంలో మాత్రలు ఆలస్యంగా మొదలయ్యాయి. వైరస్ పూర్తిగా అణగకముందే కాన్పు వచ్చేస్తుంది. అందుకే పుట్టే బిడ్డకు పన్నెండు వారాలు రోజూ నెవిరపిన్ సిరప్ పట్టాలని డాక్టర్ చెప్పారు. తల్లిపాల ద్వారా వచ్చే ముప్పును ఆ సిరప్ అడ్డుకుంటుంది. దానితోపాటు ఆర్నెల్లు తల్లిపాలు తప్ప ఇంకేమీ పట్టకూడదు. ఆవుపాలు, పంచదార నీళ్లు, తేనె ఏవీ వద్దు. కలిపి పడితే పసిపేగులు దెబ్బతిని ముప్పు పెరుగుతుంది.

కౌన్సెలింగ్ గదిలో స్వరూప ఇవన్నీ తలవంచుకుని విన్నది. భర్తకు ఫోన్‌లో చెప్పింది. అతను అక్కడ పరీక్ష చేయించుకున్నాడు, అతనికీ ఉంది, అక్కడే మాత్రలు మొదలుపెట్టాడు. చివరికి ఆమె నన్ను అడిగింది ఒకటే.

"మా అత్తమ్మకు చెప్తరా అక్కా?"

చెప్పనన్నాను. చట్టం కూడా అదే చెబుతుంది, ఆమె ఒప్పుకోకుండా ఆమె జబ్బు గురించి నేను ఎవరికీ చెప్పకూడదు. అయినా నేను చెప్పనన్నది చట్టానికి భయపడి కాదు. అంతకు రెండేళ్ల ముందు ఇంకో ఊళ్లో, తెలిసిన రోజు సాయంత్రమే ఒక కోడలిని సామానుతో సహా బయటికి పంపేశారు. ఆ అమ్మాయి బస్టాండులో కూర్చుని నాకు ఫోన్ చేసింది. ఆ గొంతు నాకు ఇంకా వినిపిస్తూనే ఉంటుంది.

ఆషాఢంలో స్వరూపకు ఆడపిల్ల పుట్టింది. మొదటి డోసు కాన్పు గదిలోనే పట్టారు. నాలుగో రోజు ఇంటికి వెళ్లారు. వారం తిరగకుండా నేను ఆ ఇంటి తలుపు తట్టాను.

తలుపు తీసింది రాజవ్వ, స్వరూప అత్త. యాభై దాటిన మనిషి, ఒడిలో బీడీల చాట, వేళ్ల కొసలకు తంబాకు మరక. ఐదుగురిని కంటే రాజేశం ఒక్కడే దక్కాడట. ఆ సంగతి మొదటి పది నిమిషాల్లోనే చెప్పింది. నేనెవరో, ఏ దేవుణ్ని మొక్కుతానో, ఎందుకొచ్చానో అడిగింది. చర్చికి వెళ్లేవాళ్లమని, పసిపిల్లల తూకాలు రాసుకోవడానికి వచ్చానని చెప్పాను. నాతో ఉన్న స్ప్రింగు త్రాసు చూపించాను.

"మా పొల్లనే ఎందుకు జోకుతవు? వాడల ఇంకెవ్వలు లేరా?"

ఆమె అనుమానంతో అడిగిందో, మామూలుగా అడిగిందో తెలియదు.  అందరి ఇళ్లకూ వెళుతున్నానని అన్నాను. అలా అన్నాక వెళ్లక తప్పదు కదా. ఆ రోజు ఆ వాడలో ఏడాదిలోపు పిల్లలున్న ఐదిళ్లకూ వెళ్లి అందరినీ తూచాను. ఆ తర్వాత వెళ్లిన ప్రతిసారీ అంతే. ఒక్క ఇంటి గుట్టు దాచడానికి ఐదిళ్లు తిరిగాను. అందులో ఒక బిడ్డ బరువు నెల రోజులుగా పెరగలేదని అలాగే బయటపడింది, వాళ్లను ఆస్పత్రికి పంపాము. అబద్ధం వల్ల జరిగిన ఆ మేలును తలుచుకుని నాకు నేను సర్దిచెప్పుకునేదాన్ని.

స్వరూప సిరప్ సీసాను పాప గుడ్డల సంచీలో అడుగున పెట్టేది. పొద్దున అత్త స్నానానికి వెళ్లిన సమయంలో పట్టేది. సిరంజి మీద ఎంత వరకు నింపాలో నేను పెన్నుతో గీత గీసి ఇచ్చాను. రోజూ ఎనిమిదింటికి నాకు ఒక మిస్డ్ కాల్ ఇచ్చేది. పట్టాను అని దానికి అర్థం. ఎనిమిదిన్నరైనా ఫోన్ మోగకపోతే నేను ఏ పనీ చేయలేకపోయేదాన్ని. రోటీ పెనం మీద మాడుతుంటే మా ఆయన వచ్చి స్టవ్ ఆపిన రోజులున్నాయి.

మూడో వారంలో వెళ్లినప్పుడు గూట్లో పాలసీసా కనిపించింది. కొత్తది, రబ్బరు పీక ఇంకా ఊడదీయలేదు.  స్వరూప వైపు చూస్తే కళ్లతోనే లేదు లేదని చెప్పింది. రాజవ్వ మాత్రం దాచలేదు.

"దానికి పాలు సాలుతలెవ్వు. బర్రెపాలు జరన్ని నీళ్లు గలిపి పడుదామని తెప్పిచ్చిన."

ఆమె పక్కన కూర్చున్నాను. ఆర్నెల్ల దాకా తల్లిపాలు తప్ప ఏదీ వద్దని, వానాకాలం నీళ్లతో సీసా పాలు పడితే విరేచనాలు పట్టుకుంటాయని చెప్పాను. అది ఏ బిడ్డకైనా నిజమే. నేను దాచిపెట్టింది మిగతా సగం. రాజవ్వ చేతిలోని బీడీ చుట్టడం పూర్తిచేసింది. తనకు దక్కని నలుగురు పిల్లల్లో ఇద్దరు విరేచనాలతోనే పోయారని అప్పుడు చెప్పింది. లేచి పాలసీసా తీసుకెళ్లి పక్కింటి వాళ్లకు ఇచ్చేసింది. అంత తేలిగ్గా నా మాట విన్నందుకు సంతోషపడాలో, ఆమెను మోసం చేస్తున్నందుకు సిగ్గుపడాలో తెలియకుండానే ఆ రోజు బస్సెక్కాను.

ఆరు వారాలు నిండితే డీబీఎస్ పరీక్ష ఉంటుంది. పాప మడమ మీద సూదితో గుచ్చి, రక్తపు చుక్కలు ఒక కార్డు మీద పడేలా చేసి, ఆరబెట్టి ల్యాబుకు పంపుతారు. బిడ్డకు వైరస్ ఉందా లేదా అన్నది తొలిసారి అందులోనే తెలుస్తుంది. ఆ పరీక్ష ఇంకో ఐదు రోజులుందనగా, శ్రావణమాసంలో ఒక ఆదివారం నాకు మిస్డ్ కాల్ రాలేదు.

మాది మెథడిస్టు కుటుంబం. ఆదివారం ఆరాధనకు బయల్దేరబోతున్నాను. ఎనిమిదిన్నరైంది, తొమ్మిదైంది. తొమ్మిదింబావుకు తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. స్వరూప. చుట్టూ జనం చప్పుడు.

"అక్కా, మేము ఎములాడల ఉన్నం. మందు సీస ఇంట్లనే ఉన్నది."

నిన్న మధ్యాహ్నం రాజవ్వ ఉన్నట్టుండి ప్రయాణం పెట్టిందట. మనవరాలు దక్కితే రాజన్న దేవుడి దగ్గర మూడు నిద్దర్లు చేస్తానని మొక్కుకుందట. వేములవాడలో భక్తులు అలా గుడి పరిసరాల్లో రాత్రులు గడిపి మొక్కు తీర్చుకుంటారు. సామాను సర్దింది రాజవ్వే. పాప గుడ్డలు పెద్ద సంచీలోకి మార్చేటప్పుడు అడుగున ఉన్న సీసా ఇంట్లోనే ఉండిపోయింది. స్వరూప తన మాత్రలు మాత్రం పర్సులో తెచ్చుకుంది. తిరిగి వచ్చేది మంగళవారం. ఎందుకు వెనక్కి వెళ్లాలో స్వరూప అత్తకు చెప్పలేకపోయింది. తన ఫోన్‌లో చార్జింగ్ అయిపోయి, పక్కన కూర్చున్న ఒకామె దగ్గర ఫోన్ అడిగి తీసుకుని మాట్లాడుతోంది. సత్రం పక్కన రేకుల షెడ్డు కింద ఉన్నామని చెబుతుండగానే లైన్ కట్టయింది. మళ్లీ చేస్తే ఆ ఫోన్ స్విచాఫ్.

ఒక్క డోసు ఆలస్యమైతే కొంప మునగదు. ఆ మాట నేనే తల్లులకు చెబుతుంటాను. కానీ మూడు రోజులు వరసగా తప్పడం వేరు. మందు లేదు, పాలు మాత్రం పడుతూనే ఉండాలి. పైగా ప్రయాణంలో అలసిన తల్లికి పాలు తగ్గితే, అక్కడ టీకొట్టు పాలు ఎవరైనా పడితే?

ఆదివారం ఏఆర్‌టీ కేంద్రం ఉండదు. మందుల గది తాళం వేసి ఉంటుంది. కౌన్సెలర్‌కు ఫోన్ చేస్తే, కాన్పు గదిలో అప్పుడే పుట్టిన పిల్లల కోసం కొన్ని సీసాలు ఉంచుతారని గుర్తుచేసింది. అక్కడి నర్సుతో తనే మాట్లాడింది. నేను ఆస్పత్రికి వెళ్లేసరికి ఆ నర్సు ఒక కాన్పు మధ్యలో ఉంది. నలభై నిమిషాలు తలుపు బయట నిలబడ్డాను. లోపల ఒక బిడ్డ ఏడుపు వినిపించాక ఆమె బయటికి వచ్చి, రిజిస్టరులో సంతకం పెట్టించుకుని సీసా, సిరంజి చేతిలో పెట్టింది. వేములవాడ బస్సులో సీటు దొరకలేదు. సీసా ఉన్న సంచీని గుండెలకు అదుముకుని నిలబడే వెళ్లాను.

శ్రావణ సోమవారానికి ముందు రోజు వేములవాడ ఎలా ఉంటుందో చూసినవాళ్లకు తెలుసు. సత్రాలన్నింటి పక్కనా రేకుల షెడ్లే. తడిసిన చాపలు, పొయ్యిలు, గుండ్లు కొట్టించుకున్న పిల్లలు, మొక్కు కోసం తెచ్చిన కోడెలు. ప్రతి పసిబిడ్డ ఏడుపుకూ తల తిప్పుతూ ఒక్కో షెడ్డే వెతికాను. నాలుగో షెడ్డులో, స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది స్వరూప. ఒళ్లో పాప. పక్కనే రాజవ్వ. అప్పటికి ఒంటిగంట దాటింది.

స్వరూప కంటే ముందు రాజవ్వే నన్ను చూసింది.

"నువ్వేంది ఈడ?"

మొక్కు ఉండి వచ్చానని అన్నాను. అంతకంటే మంచి అబద్ధం ఆ క్షణంలో తట్టలేదు.

"నువ్వు చర్చిల మనిషివి గద. నీకు రాజన్న మొక్కెక్కడిది?" అంది. గొంతు పెంచలేదు. నా చేతిలోని సంచీ వైపు చూసింది. తర్వాత కోడలి ముఖం వైపు చూసింది. "నా కోడలు పొద్దుగాల సంది పరేషాన్ అయితున్నది. ఎవల్నో ఫోన్ అడిగింది. ఇప్పుడు నువ్వచ్చినవు. నా పొల్లకు ఏమైందో నాకు చెప్పున్రి."

నేను నోరు తెరిచాను. తూకం తక్కువ, బలానికి టానిక్ తెచ్చాను, మాటలు సిద్ధంగానే ఉన్నాయి. స్వరూప నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"నాకు హెచ్ఐవి ఉన్నది అత్తమ్మా. ఆయనకు గూడ ఉన్నది. పొల్లకు రావద్దని మందు ఏస్తున్నం. గా మందు ఇంట్ల మర్చిపోయినం."

నాలుగు ముక్కలు. ఏడుపు లేదు. ఇన్ని వారాలుగా నేను ఐదిళ్లు తిరిగి కాపాడిన మాట.

రాజవ్వ వంగి పాపను స్వరూప ఒళ్లోంచి తీసుకుని భుజాన వేసుకుంది. చెప్పులు వేసుకుని షెడ్డు దాటి జనంలోకి వెళ్లిపోయింది. మేము లేచి బయటికి వచ్చేసరికి తల కూడా కనిపించలేదు.

ఆ తర్వాతి గంట గురించి రాయడం నాకు ఇప్పటికీ కష్టమే. గుడి ముందు, కోడెలు కట్టే చోట, బస్టాండు దారిలో, అన్నిచోట్లా వెతికాం. రాజవ్వ ఫోన్ ఎప్పుడు చేసినా ఎంగేజ్. బిడ్డను తీసుకుని ఊరికి వెళ్లిపోయిందా? కోడలిని ఇక్కడే వదిలేసినట్టా? ఆకలికి ఏడిస్తే ఏం పడుతుంది? బస్టాండులో కూర్చున్న పాత అమ్మాయి నా కళ్లముందు మెదిలింది. స్వరూప ఒక చోట ఆగిపోయి, పాలు వచ్చి రవిక తడిసిపోతోందని నెమ్మదిగా చెప్పి, నేల మీద కూర్చుండిపోయింది. తనను చెప్పమన్నది నేను కాదు, ఆపగలిగినా ఆపలేదు. తప్పు నాదేనని మాత్రం అనిపిస్తోంది.

పోలీసు కంట్రోల్ రూముకు వెళ్లేముందు ఒకసారి చూద్దామని మళ్లీ షెడ్డు దగ్గరికి వచ్చాం. రాజవ్వ అక్కడే ఉంది. చాప మీద కూర్చుని, గుక్కపట్టి ఏడుస్తున్న పాపను ఒళ్లో ఊపుతోంది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. చేతిలో ఫోన్ అలాగే ఉంది.

"రాజేశంకు చేసిన" అంది నాతో. "నీకు ఎర్కనేనా అని అడిగిన. ఎర్కనే అవ్వా అన్నడు. నాకు చెప్పద్దని దీనికి చెప్పింది గూడ వాడే."

స్వరూప పాప కోసం చేతులు చాచింది. నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట ఓదార్పు కాదు. పాపకు ఏమైనా పాలు పట్టావా అని అడిగాను. అలా అడిగినందుకు తర్వాత సిగ్గుపడ్డాను.

రాజవ్వ నా వైపు చూసింది.

"ఎట్ల పడుత? నువ్వు వద్దన్నవు గద."

 గంటసేపు జనంలో, ఏడుస్తున్న బిడ్డతో, కొడుకు మాటకు కుప్పకూలిన మనిషి, టీకొట్ల ముందు నుంచి నడుస్తూ కూడా నేను చెప్పిన సగం నిజాన్ని పూర్తిగా పాటించింది.

పాపను కోడలికి ఇస్తూ, మందు ఎట్లా పట్టాలో తనకు చూపించమంది. గీత దాకా నింపి, చెంప లోపలి వైపుగా సిరంజి పెట్టి కొంచెం కొంచెంగా వదలాలని చూపించాను. రాజవ్వ తనే పట్టింది. తంబాకు మరకల వేళ్లతో ఒక్క చుక్క కూడా కింద పడనివ్వలేదు. పాప చప్పరించి మింగింది. ఆ తర్వాత రాజవ్వ నన్ను పక్కకు పిలిచి ఎన్నో అడిగింది. ఒకే గిన్నెలో తింటే వస్తుందా, పక్కన పండుకుంటే వస్తుందా, పొల్లను ముద్దు పెట్టుకోవచ్చా. రాదు, రాదు, పెట్టుకోవచ్చు అని చెప్పాను. చివరగా కోడలు బతుకుతుందా అని అడిగింది. మాత్రలు మానకుంటే నీ మనవరాలి పెళ్లి తనే చేస్తుందని చెప్పాను.

మొక్కిన మూడు నిద్దర్లూ చేశాకే ఇంటికి వెళ్లారు. శుక్రవారం డీబీఎస్‌కు ముగ్గురూ కలిసి వచ్చారు. మడమ మీద సూది గుచ్చినప్పుడు స్వరూప ముఖం తిప్పుకుంది, పాప కాలు పట్టుకున్నది రాజవ్వే. రిపోర్టు వచ్చేదాకా గడిచిన రోజుల్లో మిస్డ్ కాల్ రాజవ్వ ఫోన్ నుంచి వచ్చేది, అదీ ఎనిమిదికి ముందే. ఒకసారి ఫోన్ ఎత్తితే, తనకు ముద్ద దిగట్లేదని చెప్పింది. నాకూ దిగట్లేదని నేను చెప్పలేదు. రిపోర్టులో వైరస్ లేదని వచ్చింది. ఆరో నెల పరీక్షలోనూ లేదు. కానీ పాలు మాన్పించి, పద్దెనిమిదో నెలలో చేసే ఆఖరి పరీక్ష దాకా నమ్మకంగా ఏమీ చెప్పడానికి లేదు. మధ్యలో కరోనా వచ్చిపడింది. బస్సుల్లేని నెలల్లో స్వరూప మాత్రలు ఊరికి చేర్చడానికి మేము అంబులెన్సు డ్రైవర్లను బతిమాలాము. భివండి నుంచి రాజేశం లారీల మీద, నడకనా ఇల్లు చేరాడు. తల్లి అతనితో రెండు నెలలు మాట్లాడలేదట. రోజూ అన్నం పెట్టి, మాత్ర వేసుకునేదాకా ఎదురుగా కూర్చునేదట, మాట్లాడకుండానే.

పద్దెనిమిదో నెల పరీక్ష 2021 మొదట్లో జరిగింది. నెగెటివ్. పాప ఫైలు మూసేశాం. మా ఆఫీసులో ఫైలు మూయడమంటే పండగే. రాజవ్వ రిపోర్టు కాగితాన్ని చదవలేకపోయినా, అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసింది.

ఈ కేసు నుంచి నేను నేర్చుకున్నదేమిటని కొత్తగా చేరిన పిల్లలు అడుగుతుంటారు. అత్తలకు చెప్పేయమని కాదు. రాజవ్వ లాంటి అత్త ఎదురైనట్టే, ఆ బస్టాండు అమ్మాయి అత్త కూడా నాకు ఎదురైంది. చెప్పాలా వద్దా, ఎవరికి, ఎప్పుడు అన్నది ఆ తల్లి నిర్ణయం. అప్పుడూ అదే, ఇప్పుడూ అదే. నేను చేసిన తప్పు వేరు. ఆ ఇంటి వాళ్లందరినీ మొదటి రోజే శత్రువుల్లో వేసేశాను. గుట్టు దాచడమే నా పనిగా పెట్టుకుని, బిడ్డను కాపాడటానికి ఆ ఇంట్లో ఎవరి చేతులు పనికొస్తాయో స్వరూపను ఒక్కసారి కూడా అడగలేదు. ఇప్పుడు ప్రతి తల్లినీ మొదటి రోజే అడుగుతాను. నీకు జ్వరం వస్తే, బిడ్డను ఎవరి చేతుల్లో పెట్టి కళ్లు మూసుకోగలవు? ఎవరూ లేరని అంటే ఆ బాధ్యత మేము తీసుకుంటాం. పేరు చెబితే, చెప్పడానికి ఆమె సిద్ధపడేదాకా ఎదురుచూస్తాం.

ఫైలు మూసిన రోజు ఆస్పత్రి మెట్ల మీద కూర్చున్నప్పుడు ఈ ప్రశ్న స్వరూపనూ అడిగాను. ఏడో నెలలోనే అడిగి ఉంటే ఎవరి పేరు చెప్పేదానివి అన్నాను. అప్పటికి రాజవ్వ పాపను ఎత్తుకుని గేటు దాకా వెళ్లిపోయింది. స్వరూప అటువైపు చూసింది.

"అత్తమ్మ పేరే చెప్తుంటి. నువ్వు అడుగలే గద అక్కా."